మంచు తుఫాను వచ్చినప్పుడు దుకాణానికి దొరికే ఆసరా

పోయిన వారం డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో కొత్తగా టిఫిన్ సెంటరు తెరవబోతున్న తమ్ముడొకరు ఫోన్ చేశాడు. లీజు మీద సంతకం పెట్టే ముందు తెలిసినవాళ్లను నాలుగు మాటలు అడుగుదామని చేశానన్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "అక్కా, మంచు తుఫాను వచ్చి కొట్టు మూతపడితే ఫెమా వాళ్లు డబ్బిస్తారటగా?" అని అడిగాడు. ఫెమా అంటే విపత్తుల్లో సాయం చేసే సమాఖ్య ప్రభుత్వ సంస్థ. కొట్టుకు వాళ్లు ఇవ్వరని చెప్పాను. అవతల కాసేపు మాట వినపడలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌కు మంచు తుఫాను వచ్చినప్పుడు మేము కూడా అదే నమ్మకంతో ఉన్నాము, ఆ నమ్మకం వల్ల ఎంతో అవసరమైన మొదటి మూడు రోజులను పోగొట్టుకున్నాము. అరగంట ఫోన్‌లో అతనికి సరిగా చెప్పలేకపోయినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. టెక్సస్‌లో కిరాణా కొట్టో, కర్రీ పాయింటో, చిన్న హోటలో నడుపుకుంటున్న మనవాళ్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మా వారూ నేనూ ఇర్వింగ్‌లో కిరాణా దుకాణం నడుపుతున్నాము. వెనక చిన్న వంటగది ఉంది. దోసె పిండి, పచ్చళ్లు, వారాంతాల్లో పులిహోర, గుత్తివంకాయ కూర అక్కడే తయారవుతాయి. నేను తెనాలిలో పెరిగినదాన్ని కాబట్టి తుఫాను అంటే నాకు తెలిసినది వేరు. మా నాన్నగారికి కూడా కిరాణా కొట్టే ఉండేది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన తుఫాను గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా వింటూ పెరిగాము. ఆ తరువాత ఎప్పుడు రేడియోలో హెచ్చరిక వచ్చినా నాన్నగారు చేసే మొదటి పని బియ్యం బస్తాలను బల్లల మీదికి ఎక్కించడం. మా వైపు తుఫాను గాలితో, హోరుతో, సముద్రం రంగు మారడంతో ముందే చెప్పి వస్తుంది. ఇక్కడి మంచు తుఫానుకు చప్పుడే ఉండదు. తెల్లవారి లేచి చూస్తే వీధి అంతా తెల్లగా, అందంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. నష్టం మాత్రం గోడల లోపల, సీలింగ్ పైన, ఎవరికీ కనపడని గొట్టాల్లో జరుగుతూ ఉంటుంది.

2021 ఫిబ్రవరి 12న గవర్నరు రాష్ట్రంలోని 254 కౌంటీలన్నింటికీ విపత్తు ప్రకటన జారీ చేశారు. అంతకు ముందు రోజే ఫోర్ట్‌వర్త్ దగ్గర ఐ-35డబ్ల్యూ మీద సన్నటి మంచుపొర కట్టిన రోడ్డుపై 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. ఇంత జరిగినా, ఆదివారం రాత్రి దుకాణం మూసేటప్పుడు మా మనసులో ఉన్న ఆలోచన రెండు రోజుల అమ్మకం పోతుందన్నంత వరకే. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున ఒంటిగంట దాటాక రాష్ట్ర విద్యుత్ గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ కరెంటు కోతలు మొదలుపెట్టమని ఆదేశించింది. ఒక దశలో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు స్పందన వేగం, ప్రమాదకరమైన 59.4 హెర్ట్జ్ హద్దు కంటే కిందికి నాలుగు నిమిషాలకు పైగా పడిపోయిందనీ, ఇంకో నాలుగున్నర నిమిషాలు అలాగే ఉంటే గ్రిడ్ మొత్తం కూలిపోయి వారాల తరబడి రాష్ట్రం చీకట్లో ఉండేదనీ తరువాత అధికారులే చెప్పారు. టెక్సస్ గ్రిడ్‌లో ఎక్కువ భాగం దేశంలోని మిగతా గ్రిడ్‌లతో పెద్దగా ముడిపడకుండా విడిగా ఉండటం వల్ల పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోగలిగిన కరెంటు చాలా తక్కువ. మరోవైపు గ్యాస్ బావులు, గొట్టాలు, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టి ఆగిపోయాయి. వంతులవారీగా తీస్తామన్న కోత చాలా చోట్ల వంతు మారకుండా రోజుల తరబడి సాగింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు లేకుండా పోయింది. మంగళవారం డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో సుమారు మైనస్ 19 డిగ్రీలు. అది వసంత పంచమి రోజు. ఇంట్లో స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని పిల్లల చేత పలకకు పూజ చేయించాను. ఆ తుఫానులో 246 మంది మరణించారని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. వ్యాపారం గురించి రాస్తున్నప్పటికీ ఆ అంకెను దాటవేసి ముందుకు వెళ్లడం నాకు చేతకాదు. ఎందుకంటే వారిలో కొందరు చలికి తట్టుకోలేక కాదు, వెచ్చదనం కోసం గరాజులో కారు నడిపో, జనరేటరు పెట్టుకునో, కుంపటి వెలిగించుకునో, ఆ విషవాయువుకు బలైపోయారు. దుకాణం కాపాడుకోవాలన్న తొందరలో ఎవరూ జనరేటరును తలుపు లోపలికి తేకూడదు. అది భవనానికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి, బయటి తీగల నుంచి వేరుచేసే మార్పిడి స్విచ్ లేకుండా గోడలోని ప్లగ్గుకు దాన్ని కలపకూడదు. అలా కలిపితే కరెంటు వెనక్కి తీగల్లోకి పోయి, బయట మంచులో తీగలు బాగుచేస్తున్న మనిషి ప్రాణం తీస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం మా వారు నడుచుకుంటూ దుకాణానికి వెళ్లారు. లోపల టార్చి వెలుగులో చూస్తే హాలు మొత్తం ఫ్రిజ్‌లా ఉందట. నిజానికి మా కూలరులోని పాలు, పెరుగు, దోసె పిండి ఆ రోజుకు చెడిపోయి ఉండవు. బయటి చలే వాటిని కాపాడి ఉంటుంది. ఫ్రీజరులోని చేపలు, మునక్కాయ ముక్కలు, గోంగూర పొట్లాలు మాత్రం మెల్లగా కరగడం మొదలైంది. ఆయన అన్నీ చూసి, తలుపులు మూసి, ఇంటికి వచ్చేశారు. మేము చేసిన మొదటి తప్పు అదే. ఆ రోజు కూలరులో ఉష్ణమాపకం చూపించిన అంకెను ఒక కాగితం మీద వేళతో సహా రాసి, ఫోటో తీసి ఉంటే, మరునాడు మళ్లీ అలాగే చేసి ఉంటే, ఆ సరుకులో సగం నిలబడేది. అమెరికా వ్యవసాయ శాఖ నియమం ప్రకారం కరెంటు పోయాక తలుపు తెరవని ఫ్రిజ్‌లో సరుకు నాలుగు గంటల వరకే భద్రం. నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటలేదని చూపించగలిగితే ఆ సరుకును ఉంచుకోవచ్చు. చూపించలేకపోతే పారవేయవలసిందే. రుచి చూసి బాగుందనడం, వాసన చూసి పరవాలేదనడం ఇంట్లో చెల్లుతుందేమో గానీ అమ్మే చోట చెల్లదు. మేము చూపించలేకపోయాము. గురువారం నాడు అరవై బకెట్ల పిండిని, అది బాగానే ఉందని మనసు చెబుతున్నా, మా చేతులతో మేమే చెత్తడబ్బాలో పోశాము. ఇరుగుపొరుగుకు పంచిపెడదామని నేను అన్నాను. ఎన్ని డిగ్రీల్లో ఉందో తెలియని తిండిని ఉచితంగా ఇవ్వడం కూడా తప్పేనని మా వారు నన్ను ఆపారు, ఆయన చెప్పిందే సరైన మాట.

అదే గురువారం అసలు దెబ్బ తగిలింది. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. గొట్టంలో ఒకచోట మంచుగడ్డ అడ్డుపడితే, ఆ గడ్డకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి ఒత్తిడి పెరిగిపోయి గొట్టం చీలుతుంది. చీలినప్పుడు పెద్దగా నీళ్లు బయటికి రావు, ఎందుకంటే ఆ గడ్డ దారిని మూసి ఉంచుతుంది. చలి తగ్గి గడ్డ కరిగాకే అది బయటపడుతుంది. కరెంటు వచ్చింది, హీటరు తిరిగింది, హమ్మయ్య అనుకుని మేము అల్మారాలు తుడుస్తున్న వేళకు పప్పుల వరుస మీద సీలింగ్ పలక ఒకటి టీ చల్లినట్టు రంగు మారడం చూశాను. కుర్చీ వేసుకుని చూద్దామని వెళ్లేలోపే ఆ పలక ఊడి కింద పడింది. దాని వెంట నల్లటి, నూనె కంపు కొట్టే నీళ్లు. మంటలను ఆర్పే స్ప్రింక్లర్ గొట్టాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉన్న నీళ్లు అలాగే ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. వాటిని ఆపే వాల్వ్ మా దుకాణంలో లేదు, మా దుకాణం ఉన్న మాల్ వెనక తాళం వేసిన గదిలో ఉంది. తాళం మేనేజరు దగ్గర ఉంది, మేనేజరు తన ఇంట్లో పగిలిన గొట్టంతో కుస్తీ పడుతున్నాడు. అగ్నిమాపక దళంవారు వచ్చి ఆపేటప్పటికి నలభై నిమిషాలు గడిచాయి. కింది వరుసలో పేర్చిన ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు నీరు పీల్చి ఉబ్బి, కుట్లు ఒక్కొక్కటిగా పటపటమని తెగుతుంటే చూస్తూ నిలబడ్డాను. నాన్నగారు బస్తాలను బల్లల మీదికి ఎక్కించడం చూస్తూ పెరిగిన నేనే వాటిని నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచాను.

మరునాడు, ఫిబ్రవరి 19న, అధ్యక్షుడు పెద్ద విపత్తు ప్రకటన మీద సంతకం చేశారు. మొదట 77 కౌంటీల్లోని ప్రజలకు వ్యక్తిగత సహాయం మంజూరైంది, తరువాత ఇంకొన్ని కౌంటీలు చేరాయి. డాలస్, టారంట్, కాలిన్, డెంటన్ కౌంటీలు మొదటి జాబితాలోనే ఉన్నాయి. మేము సంబరపడి ఫెమాకు ఫోన్ చేశాము. ఎంతో సేపు నిరీక్షించాక మాట్లాడినామె ఎంతో ఓపికగా చెప్పింది: ఫెమా ఇచ్చే వ్యక్తిగత సహాయం ఇళ్లకు, కుటుంబాలకు మాత్రమే. దుకాణానికి జరిగిన నష్టానికి ఆ సంస్థ నేరుగా ఏమీ ఇవ్వదు, చిన్న వ్యాపారాల కోసం ఉన్న సమాఖ్య సంస్థ ఎస్‌బీఏకు దారి చూపుతుంది. మరో సంగతి ఉంది, ఇది మన దుకాణాల్లో పనిచేసేవాళ్లకూ తెలియాలి. హెచ్‌-1బీ మీద ఉన్నవారికి ఫెమా నగదు సహాయం వర్తించదు. కానీ ఇంట్లో ఇక్కడ పుట్టిన, పౌరసత్వం ఉన్న చిన్నపిల్ల ఉంటే, ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు ఇంటికి జరిగిన నష్టం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ ఒక్క విషయం తెలియక ఎన్ని తెలుగు కుటుంబాలు ఊరుకున్నాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఎస్‌బీఏ ఇచ్చేది అప్పు. అందులో రెండు రకాలున్నాయి, ఆ రెండింటి మధ్య తేడా అర్థం చేసుకోకపోతే గడువు తప్పుతుంది. భవనానికి, సరుకుకు, యంత్రాలకు జరిగిన నష్టానికి ఇచ్చేది ఒకటి. వస్తువు ఏదీ పాడవకపోయినా అమ్మకాలు పడిపోయి అద్దెకు, జీతాలకు చేతిలో డబ్బు ఆడని చిన్న వ్యాపారాలకు ఇచ్చేది రెండోది. రెండూ కలిపి ఒక వ్యాపారానికి మామూలుగా 20 లక్షల డాలర్ల వరకు పరిమితి ఉంటుంది. ఆ తుఫానుకు వ్యాపారాల వడ్డీ 3 శాతం నుంచి మొదలైంది, తీర్చడానికి 30 ఏళ్ల వరకు గడువు ఇచ్చారు. మొదటి రకానికి దరఖాస్తు గడువు ఏప్రిల్ 20 అన్నారు, తరువాత మే 20 వరకు పొడిగించారు. రెండో రకానికి నవంబర్ 19 వరకు సమయం ఇచ్చారు. ఇన్సూరెన్సు సంగతి తేలాకే అప్పుకు పెట్టుకుందామని ఆగినవాళ్లు మాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు. అలా ఆగనవసరం లేదు. ముందు అప్పు తీసుకుని, ఇన్సూరెన్సు డబ్బు వచ్చాక ఒకే నష్టానికి రెండుసార్లు తీసుకున్నట్టు కాకుండా ఆ మేరకు అప్పులో జమ కట్టాలి, అంతే. దరఖాస్తుతో పాటు పన్ను పత్రాలు చూసుకోవడానికి అనుమతించే 4506-టీ ఫారం, యజమానుల ఆస్తిపాస్తుల వివరాలు చెప్పే 413 ఫారం, వ్యాపారానికి ఉన్న అప్పుల పట్టిక అప్పట్లో అడిగారు. మూడేళ్ల పన్ను లెక్కలు దుకాణంలోని కంప్యూటరులోనే ఉండి, ఆ కంప్యూటరు కూడా నీళ్లలో తడిసిపోయింది కాబట్టి మాకు రెండు వారాలు వృథా అయ్యాయి. ఈ కాగితాలు నింపడానికి మనిషి కావాలంటే చిన్న వ్యాపారాల అభివృద్ధి కేంద్రాలున్నాయి. మా ఉత్తర టెక్సస్ కేంద్రాలను డాలస్ కాలేజీ నడుపుతుంది. సలహాకు పైసా తీసుకోరు. అక్కడ మాకు సాయం చేసిన పెద్దావిడ మా లెక్కల పుస్తకం తిరగేసి, మేము అడగబోయిన మొత్తం తప్పని, దానికంటే తక్కువ అడిగితేనే తీర్చగలుగుతామని నిక్కచ్చిగా చెప్పింది. ఆమె మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. వడ్డీ ఎంత తక్కువైనా అప్పు అప్పే. 2021లో పాతిక వేల డాలర్లు దాటితే తాకట్టు కూడా అడిగేవారు.

ఇన్సూరెన్సు దగ్గరికి వచ్చేటప్పటికి నేను కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దుకాణదారుల్లో పాలసీ కాగితాలు చదివినవాళ్లు చాలా తక్కువ, మేమూ చదవలేదు. వ్యాపారం ఆగిపోయినప్పుడు పోయిన ఆదాయాన్ని ఇస్తామనే భాగం చాలా పాలసీల్లో ఉంటుంది. కానీ అది మన ఆవరణలోని ఆస్తికి నష్టం జరిగి, ఆ నష్టం వల్ల వ్యాపారం ఆగినప్పుడు వర్తిస్తుంది. ఎక్కడో గ్రిడ్‌లో కరెంటు ఆపేస్తే మన కొట్టు మూతపడటం ఆ లెక్కలోకి రాదు. దానికి బయటి విద్యుత్, నీటి సరఫరా ఆగిపోవడాన్ని కప్పే అదనపు చేర్పు విడిగా కొనుక్కోవాలి. అది కొన్నా, చాలా పాలసీల్లో మొదటి 72 గంటలు మన ఖాతాలోనే పోతాయి. చెడిపోయిన తిండి సరుకుకు మరో చేర్పు ఉంటుంది. మాకు అది ఉంది. ఉందన్న ధైర్యంతోనే క్లెయిమ్ పెట్టాము. కంపెనీ తరఫున నష్టాన్ని లెక్కకట్టే అడ్జస్టరు పంపిన జవాబులో ఒక వాక్యం చూపించారు: ఇంధనం లేకపోవడం వల్ల గానీ ప్రభుత్వ ఆదేశం వల్ల గానీ విద్యుత్ సంస్థ సరిపడా కరెంటు ఇవ్వలేకపోతే ఆ నష్టం ఈ చేర్పు పరిధిలోకి రాదు. ఆ వాక్యం మా పాలసీలో మొదటినుంచీ ఉంది. 2021 ఫిబ్రవరిలో జరిగింది అచ్చంగా అదేనన్నది వాళ్ల వాదన. పిండి, చేపలు, పాలు, పెరుగు, ఐస్‌క్రీములకు మాకు ఒక డాలరు కూడా రాలేదు.

గొట్టం పగిలి పాడైన సరుకు సంగతి వేరు. అది మన ఆవరణలో జరిగిన నష్టం కాబట్టి పాలసీ వర్తిస్తుంది, కాకపోతే చలిలో భవనాన్ని వెచ్చగా ఉంచడానికి చేయగలిగినంతా చేశామని చూపించాలి, లేదా నీళ్లు ఆపి గొట్టాలు ఖాళీ చేసి ఉండాలి. హీటరు ఎన్ని డిగ్రీల మీద పెట్టి వెళ్లారని మమ్మల్ని అడిగారు. మా అదృష్టం కొద్దీ ఆదివారం రాత్రి మా అమ్మాయి, పిల్లి బొమ్మ గీసిన చీటీని థర్మోస్టాట్ పక్కన అంటించి సరదాగా ఫోటో తీసింది. ఆ ఫోటోలో 60 అన్న అంకె స్పష్టంగా కనిపిస్తోంది. మా క్లెయిమ్‌ను నిలబెట్టింది ఆ ఫోటోనే. పక్క కొట్టాయన మాత్రం కంపు భరించలేక తడిసిన సరుకంతా ఆ సాయంత్రమే బయట పారేసి, శుభ్రంగా కడిగించి, ఆ తరువాత ఇన్సూరెన్సుకు ఫోన్ చేశాడు. అతని చేతిలో ఒక ఫోటో గానీ, జాబితా గానీ లేదు. కష్టపడి కడిగినందుకు అతనికి దొరికిన ఫలితం నెలల తరబడి ఉత్తరాలు. నీటి ధార ఆపడం, సరుకును పొడి చోటికి జరపడం వంటి పనులు వెంటనే చేయాలి, చేయకపోతే అది మన తప్పవుతుంది. కానీ పారేసేముందు ప్రతి వరుసనూ దగ్గరగా, దూరంగా, ధర చీటీలు కనిపించేలా ఫోటోలు తీయాలి, హోల్‌సేలు బిల్లులతో సరిచూసి జాబితా రాయాలి. ఫ్యాన్ల అద్దెకు, కూలికి పెట్టిన ఖర్చుకు రసీదులు దాచాలి.

టెక్సస్ చట్టం ఇన్సూరెన్సు కంపెనీలకూ గడువులు పెట్టిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. క్లెయిమ్ అందాక 15 రోజుల్లో అందిందని చెప్పాలి, అడిగిన కాగితాలన్నీ ఇచ్చాక 15 పని దినాల్లో ఔననో కాదనో తేల్చాలి, ఔనన్నాక 5 పని దినాల్లో డబ్బు పంపాలి. పెద్ద విపత్తుల్లో ఈ గడువులను కొంత పొడిగించే వీలుంది. అవి దాటినప్పుడు రాష్ట్ర ఇన్సూరెన్సు శాఖకు ఫిర్యాదు పెట్టుకోవచ్చు, అందుకు ఖర్చేమీ లేదు. మేము ఫోన్ల మీద ఫోన్లు చేసి విసిగిపోయి, చివరికి తేదీలు వరుసగా రాసిన ఒక్క ఉత్తరం పంపిన తరువాతే కదలిక వచ్చింది.

పన్నుల విషయంలో దొరికిన వెసులుబాటు చాలామంది గమనించలేదు. సమాఖ్య పన్నుల శాఖ ఐఆర్ఎస్ టెక్సస్ అంతటికీ పన్ను గడువులను 2021 జూన్ 15 వరకు పొడిగించింది. ప్రకటిత విపత్తు వల్ల జరిగిన, ఇన్సూరెన్సు భరించని వ్యాపార నష్టాన్ని ఆ ఏటి లెక్కకు బదులు ముందటి ఏడాది, అంటే 2020 పన్ను లెక్కలో చూపించుకునే అవకాశం ఉండేది. అలా చూపిస్తే తిరిగి రావలసిన డబ్బు ఏడాది ముందే చేతికి వస్తుంది. అయితే పాడైన సరుకును ఒకసారి కొన్న ఖరీదులోనూ, మరోసారి నష్టంలోనూ రెండుచోట్ల రాయకూడదు. ఇది అకౌంటెంటు చేత చేయించవలసిన పని, సొంత తెలివి పనికిరాదు.

కరెంటు బిల్లు గురించీ చెప్పాలి. టోకు మార్కెట్లో ఆ వారం ధర మెగావాట్ గంటకు 9,000 డాలర్ల గరిష్ఠ పరిమితిని తాకింది, అంటే ఒక యూనిట్‌కు 9 డాలర్లు. మామూలు రోజుల్లో మేము కట్టేది పది పన్నెండు సెంట్లు. మాది స్థిరమైన ధర ఉన్న ఒప్పందం కాబట్టి ఆ దెబ్బ తగలలేదు. టోకు ధర వెంట మారే ఒప్పందంలో ఉన్నవాళ్లకు ఒక్క వారానికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఫిబ్రవరి 21న రాష్ట్ర ప్రజా వినియోగ సంస్థల కమిషన్ బిల్లు కట్టలేదన్న కారణంతో కరెంటు తీయడాన్ని ఆపించింది గానీ, బిల్లును అది మాఫీ చేయలేదు.

మన వైపు నుంచి జరగకూడనిది ఒకటుంది. విపత్తు ప్రకటన అమల్లో ఉండగా తిండి, మంచినీళ్లు, ఇంధనం, మందుల వంటి అవసరాలను విపరీతమైన ధరకు అమ్మడం టెక్సస్‌లో చట్టవిరుద్ధం. ఆ వారంలో రెండు గ్యాలన్ల పాలు మూడు రెట్ల ధరకు అమ్మిన కొట్టు గురించి విన్నప్పుడు, అది మనవాళ్లదే అని తెలిసినప్పుడు, నాకు తల కొట్టేసినట్టయింది. మంచులో నడిచి వచ్చి పసిపిల్లకు పాలు అడిగే తల్లి మొహం చూసి అంత ధర చెప్పడానికి నోరెలా వస్తుంది? ఫోర్ట్‌వర్త్ వైపు ఆ రోజుల్లో కుళాయి నీళ్లు మరిగించుకునే తాగాలని హెచ్చరిక కూడా ఉంది. అటువంటి హెచ్చరిక ఉన్నప్పుడు హోటలువాళ్లు ఐసు యంత్రం ఆపాలి, కుళాయితో కలిసిన శీతలపానీయాల యంత్రం ఆపాలి, ఆరోగ్య శాఖ అనుమతించిన పద్ధతి లేకుండా వంట సాగించకూడదు. కరెంటు, నీళ్లు పూర్తిగా లేనప్పుడు కొట్టు మూసేయడమే నియమం.

పనివాళ్లకు జీతం ఎలా అన్నది మమ్మల్ని చాలా కలతపెట్టింది. గంటల లెక్కన పనిచేసేవారికి, పని జరగని గంటలకు జీతం ఇవ్వాలని సమాఖ్య చట్టం చెప్పదు. నెల జీతం మీద ఉండే మేనేజరు స్థాయివారికి వారంలో కొన్ని రోజులు పనిచేసి మిగతా రోజులు మనమే మూసినా పూర్తి వారం జీతం ఇవ్వాలి. మా వంటావిడకు చట్టం ప్రకారం ఇవ్వవలసినది ఏమీ లేదు. సగం జీతం ఇచ్చాము, మా చేతిలో ఉన్నది అంతే. ప్రకటించిన కౌంటీల్లో తుఫాను వల్ల పని పోయినవారికి, సొంత వ్యాపారం ఆగినవారికి కూడా, టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ ద్వారా విపత్తు నిరుద్యోగ భృతి ఉందని ఆమెకు చెప్పి దరఖాస్తు నింపి పెట్టాము. ఇల్లు గడ్డకట్టినవారికి వెచ్చని ఆశ్రయం ఎక్కడుందో, తిండి ఎక్కడ దొరుకుతుందో 211కు ఫోన్ చేస్తే చెబుతారు. మనవాళ్లు తెలుగు తెలిసిన దుబాసీ కావాలని అడగడానికి మొహమాటపడకూడదు.

ఫ్రిస్కో తమ్ముడికి నేను మళ్లీ ఫోన్ చేశాను. లీజు కాగితం తెప్పించుకుని, స్ప్రింక్లర్ గొట్టం పగిలితే నీళ్లు ఆపవలసిన బాధ్యత ఎవరిదని రాసి ఉందో వెతకమన్నాను. పదకొండో పేజీలో ఉందని చదివి వినిపించాడు. గొట్టం యజమానిది, లోపలి సరుకు అద్దెదారుడిది. వాల్వ్ గది తాళం నకలు ఒకటి ఇస్తారా అని అడగమన్నాను. అడిగాడు. నకలు ఇవ్వడం కుదరదు గానీ, రాత్రివేళ పలికే రెండో మనిషి ఫోన్ నంబరు ఇస్తామన్నారట. అది లీజులో రాయించుకోమన్నాను. వాల్వ్ ఆపించాక మళ్లీ తెరిచేదాకా మంటల కాపలాకు మనిషిని పెట్టాలన్న నగర నియమం సంగతి కూడా చెప్పాను. ఇన్సూరెన్సు ఏజెంటు దగ్గరికి వెళ్లినప్పుడు, సరుకు చెడిపోయే చేర్పులో ఇంధనం కొరత, ప్రభుత్వ ఆదేశం అన్న మాటలున్న వాక్యాన్ని వేలుపెట్టి చూపించి, "ఇది తీసేసిన పాలసీ ఏ కంపెనీ దగ్గరుంది, ఎంత ఎక్కువ కట్టాలి?" అని అడగమన్నాను. మంగళవారం వెళ్తున్నాడు. నేనూ తోడు వస్తానని చెప్పాను.